మంచుకు తడవని కుప్ప

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. పొద్దున్నే స్నానం చేసి, పెరట్లో పూసిన నాలుగు పువ్వులు కోసి దేవుడి పటం ముందు పెడతాను. ఆ పువ్వు ఏం తిని పెరిగిందో నాకు తెలుసు. కోడిపెంట. చేతికి అంటితే సబ్బు పెట్టి తోముకునే ఆ పదార్థం ఎక్కడ, ఏ క్షణాన శుభ్రమై పువ్వులోకి వెళ్లింది? దాన్ని శుభ్రం చేసింది మట్టా, కాలమా, లేక ఆ పటంలో ఉన్న ఆయనేనా? పెద్దవాళ్లను అడిగితే నవ్వారు. చదువుకున్నవాళ్లను అడిగితే సూక్ష్మజీవుల సంగతి చెప్పారు. వాళ్లు చెప్పింది నిజమే అయుంటుంది. కానీ నా మనసుకు చాల్లేదు.

ఈ సందేహం నాకు అంటుకున్నది మా బావమరిది నోట ఒక కేసు విన్న రోజున.

అప్పట్లో మా బావమరిది ఒక ప్రైవేట్ డిటెక్టివ్ దగ్గర సహాయకుడు. టైపు పరీక్ష తప్పి, మీసం మాత్రం బాగా పెంచుకుని తిరుగుతున్న రోజుల్లో ఆ ఉద్యోగం దొరికింది. డిటెక్టివ్ అంటే పొడుగు కోటు, నోట్లో చుట్ట గుర్తొస్తాయేమో. ఈవిడకు ముక్కు మీదికి జారే కళ్లజోడు, చేతిలో ఒక గుడ్డసంచీ, అంతే. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ తల నెరిసి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఆఫీసు తెరిచింది. ఊరంతా పిన్నిగారు అనేవాళ్లు. గడియారాలు బాగుచేసే దుకాణం పైన ఆ గది. కింద ప్రతి గడియారం తన ఇష్టం వచ్చిన టైముకు గంట కొట్టేది. "సాక్షులు కూడా ఇలాగే ఉంటారు అబ్బాయ్. అందరూ గంట కొడతారు, ఏది సరైన టైమో మనం చూసుకోవాలి" అనేదట ఆవిడ.

చలికాలం చివర్లో, పొద్దున చలి మధ్యాహ్నం ఎండ కలిసొచ్చే రోజుల్లో, ఆ మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. వెనకే ఆవిడ తమ్ముడు. ఊరి చివర గుడ్ల ఫారమ్ ఆవిడదే; అందరూ కోళ్లమ్మగారు అంటారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా మేస్త్రిని దొంగ అనమంటున్నారు పిన్నిగారూ. నాకు నోరు రావట్లేదు."

"ముందు మంచినీళ్లు తాగండి. దొంగ ఎక్కడికీ పోడు."

నీళ్లు తాగాక కోళ్లమ్మగారు విషయం చెప్పింది. ఆవిడ భర్త బతికున్నప్పుడు కోడిపెంటను ఫారమ్ వెనక ఊరికే గుట్టపోసేవాళ్లు. ఈగలు, కంపు, పొరుగువాళ్ల తిట్లు. చివరికి ఆయన, మేస్త్రి కలిసి నేర్చుకుని ఎరువు యార్డు పెట్టారు. పెంటలో రంపంపొట్టు కలిపి, వరసగా కుప్పలు పోసి, తిరగేస్తూ, చివికేదాకా కాపు కాసి అమ్మడం. భర్త పోయాక కూడా ఆ యార్డు మేస్త్రి చేతిమీదే నడిచింది. నిన్న మొన్నటిదాకా ఒక్క మాట పడలేదు.

"ఇప్పుడు నర్సరీలో చామంతి నారు మా ఎరువు వేయగానే మాడిపోయింది. మావాడు పచ్చి ఎరువు అంటగట్టాడని నర్సరీ ఆయన కేకలేస్తున్నాడు. మా మరిదేమో, మేస్త్రి పండిన ఎరువు చాటుగా ఎవరికో అమ్ముకుని ఆ లోటు పచ్చిదానితో పూడ్చాడంటున్నాడు. యార్డు ఎత్తేద్దాం, అక్కడ ఇంకో షెడ్డు కడదాం, మేస్త్రిని పంపేద్దాం అని పట్టుబట్టాడు. ఆ మనిషికి యార్డు పక్కన గది తప్ప ఇల్లు లేదు. ఈ వారంలో నేను ఏదో ఒకటి తేల్చి చెప్పాలి."

"మేస్త్రి ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు. తల దించుకుని నిలబడ్డాడు. అదే నా భయం. తప్పు చేయనివాడు కనీసం కసురుకుంటాడు కదా?"

అంతవరకూ కిటికీ దగ్గర నిలబడ్డ తమ్ముడు చటుక్కున ఇటు తిరిగాడు. "మేస్త్రి చేసుండడు పిన్నిగారూ. ఆయన అలాంటి పని చేయడు."

"చూసినట్టే చెప్తున్నావే బాబూ?"

"చూడక్కర్లేదండీ. తెలుసు."

పిన్నిగారు కళ్లజోడు పైకి తోసుకుని అతణ్ని ఒకసారి చూసి, సంచీ అందుకుంది.

ముందు నర్సరీకి వెళ్లారు. నర్సరీ యజమాని బట్టతల మీద తడిగుడ్డ వేసుకుని, చావు జరిగిన ఇంట్లో ఉన్నట్టు నారు మధ్య కూర్చుని ఉన్నాడు.

"చూడండమ్మా, చూడండి. పసిపిల్లల్లాంటి మొక్కలు. నేను మొదటి కుండీ పెట్టిన నాటి నుంచీ ఆ మేస్త్రి ఎరువే. ఇంత నమ్మకద్రోహమా?"

"అన్నీ పోయాయా?"

"అన్నీ పోలేదు. రెండు ట్రక్కులు వచ్చాయి. మొదటి ట్రక్కు ఎరువుతో పెట్టినవి అదిగో, ఆ వరస, నవనవలాడుతున్నాయి. రెండో ట్రక్కుతో పెట్టినవే ఇలా మాడాయి."

"రెండూ ఒకే కుప్పలోవేనా?"

"ఒకే రోజు, ఒకే కుప్ప. ముందువైపు నుంచి తవ్వుకుంటూ మేస్త్రే ఎత్తించాడు. నేను దగ్గరుండి చూశాను."

పిన్నిగారు మాడిన మొక్క కుండీ ఒకటి అడిగి తీసుకుని పాత పేపరు మీద బోర్లించింది. మట్టిగడ్డ పగిలింది. ముక్కు పొడిచినట్టు ఘాటు పైకి లేచింది. మా బావమరిది జేబురుమాలు తీశాడు. గడ్డలో నుంచి చిన్న ఈక ఒకటి ఆవిడ గోటికి తగిలింది. తెల్లగా, ఇంకా చివికిపోని ఈక. దాన్ని తుడిచి కాగితంలో చుట్టి సంచీలో వేసుకుంది.

"కోడిపెంటలో ఈక ఉండటం వింతేంటండీ?" అన్నాడు మా బావమరిది బయటికొచ్చాక.

"వింతేం లేదు. నీ మీసంలో వెంట్రుక ఉన్నంత సహజం. కానీ ఏ రంగు వెంట్రుకో చూసుకోవాలి కదా."

మధ్యాహ్నానికి ఫారమ్‌కు చేరారు. గేటు దగ్గరే కోళ్లమ్మగారి మరిది ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళాల గుత్తి. "ఏమీ అనుకోకండి గానీ, పెంటకుప్పకు డిటెక్టివ్ ఏంటి పిన్నిగారూ? జనం నవ్వుతారు."

"నవ్వనీయండి. నవ్వినవాళ్లు గుడ్లు మానేయరు కదా. యార్డు తీసేస్తే పెంటను ఏం చేస్తారు?"

"లారీలవాళ్లున్నారు. వచ్చి పచ్చిగానే పట్టుకుపోతారు. తిరగేయడం, తడపడం, ఆ గోలంతా ఉండదు. మా అన్నయ్యకు అదో పిచ్చి. పెంటలో దేవుణ్ని చూశాడు."

వాళ్లు షెడ్లు చూశారు. పాత షెడ్లలో గోధుమరంగు కోళ్లు, బోనుకు నాలుగు చొప్పున, ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగి తీరిగ్గా మేత తింటున్నాయి. కొత్త షెడ్డు తమ్ముడిది. కోళ్లమ్మగారు మరిదితో పోట్లాడి మరీ దాన్ని తమ్ముడి చేతిలో పెట్టిందట. అందులో తెల్లకోళ్లు. ఈమధ్యే వచ్చాయి, ఇంకా గుడ్డు మొదలుపెట్టలేదు. పక్కలకు కట్టిన గోనె పరదాలు పైకి చుట్టి ఉన్నాయి.

"ఈ పరదాలు ఎందుకు?" అంది పిన్నిగారు.

"రాత్రి చలికి దించుతామండీ. పొద్దున్నే పైకి చుట్టేయాలి. లేకపోతే గాలాడక ఉక్కపోస్తుంది," అన్నాడు తమ్ముడు.

"ఇక్కడ బోనుకు మూడే ఉన్నాయి?"

"కొత్తవి కదండీ. చోటు ఎక్కువ కావాలి."

"తలల మీద ఆ గాయాలేంటి?"

నిజమే, తెల్లకోళ్ల ఎర్రటి తురాయిల మీద నల్లగా చెక్కు కట్టిన పొడుపుగాట్లు. "కుర్ర కోళ్లండీ. కొట్టుకుంటాయి," అన్నాడతను, మేత తొట్టి సర్దుతూ.

తర్వాత ఆఫీసు గదిలో టీ ఇచ్చారు. మా బావమరిది ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. మరిది గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. "పాలు అడుగంటాయి వదినా. నోట్లో పెట్టుకునేలా లేదు." కోళ్లమ్మగారు సిగ్గుపడి అందరి గ్లాసులూ వెనక్కి తీసుకుంది. గుమ్మం దగ్గర కూర్చున్న మేస్త్రి మాత్రం అప్పటికే గ్లాసు ఖాళీ చేసి, "బాగుందమ్మా" అని కడిగి పెట్టాడు. పాపం, ఎంత మర్యాదస్థుడో అనుకున్నాడు మా బావమరిది.

మేస్త్రి సన్నటి మనిషి. చేతులు మాత్రం పెద్దవి. ఎరువు యార్డులో అడుగుపెట్టాక అతని నడుము కాస్త నిటారయింది. పొడుగ్గా పోసిన కుప్పలు, పైన రేకుల కప్పు. చివరి రెండు వరసలు మాత్రం కప్పు బయట, టార్పాలిన్ పట్టాల కింద.

"ఇది మొదటి కుప్పమ్మా. తెల్లకోళ్ల పెంటంతా దీనిలోనే ఉంది. ఇంకా ఒక్కసారి కూడా తిరగేయలేదు. ఆ తర్వాతవి కాలుతున్నవి." ఇనపచువ్వ ఒకటి కుప్పలోకి దిగేసి, కాసేపు ఆగి లాగి చూపించాడు. మా బావమరిది ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మేస్త్రి నవ్వాడు. "లోపల పొయ్యి లేదు, నిప్పు లేదు. దానంతట అదే. పెద్దయ్యగారు చలికాలం పొద్దున్నే ఇక్కడికొచ్చి ఈ ఆవిరికి చేతులు కాచుకునేవారు. 'ఇది వంటిల్లురా' అనేవారు. వేడి చల్లారాక చివరికి ఆ పట్టాల కిందికి చేరుస్తాం. అక్కడ నిద్రపోతుంది. దాన్నిక ఎవరూ ముట్టుకోరు, చువ్వ కూడా గుచ్చరు."

"మరి చచ్చిపోయిన కోళ్లను?"

"ఎప్పుడన్నా ఒకటీ అరా ఉంటాయి. కాలే కుప్ప నడిమధ్యలో, రంపంపొట్టు పక్కేసి పడుకోబెట్టి మళ్లీ కప్పుతాం. ఈకతో సహా కరిగిపోతాయి."

"నిద్రపోయే కుప్పలో పెడితే?"

"అయ్యో, ఎవరు పెడతారమ్మా? మళ్లీ రాజుకుంటుంది. ఉడుకూ, ఘాటూ అన్నీ మొదటికొస్తాయి."

"ఈ మధ్య మీరెప్పుడైనా యార్డు వదిలి వెళ్లారా?"

మేస్త్రి మొహం విప్పారింది. "మనవరాలు పుట్టిందమ్మా. చూసొద్దామని వెళ్లాను. పోయిన నెలలో." మళ్లీ తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. మీరు ఇంకెవర్నీ అడక్కండి."

"ఏం తప్పు?"

మేస్త్రి పార తీసుకుని వెళ్లిపోయాడు.

"ఒప్పేసుకున్నాడు కదండీ!" అన్నాడు మా బావమరిది బస్సులో.

"ఒప్పుకున్నాడు. కానీ దేనికో అతనికే తెలీదు. రేపు మొదటి బస్సుకు మళ్లీ వద్దాం. ఎండ పడకముందే చేరాలి."

మర్నాడు మంచు తెరలుగా కురుస్తోంది. ఫారమ్ చుట్టూ గడ్డి, కంచె, రేకులు అన్నీ తడిసి ఉన్నాయి. యార్డులో ఎవరూ లేరు. టార్పాలిన్ పట్టాల మీద మంచు ముత్యాల్లా కూర్చుని ఉంది. పిన్నిగారు మొదటి పట్టా మీద అరచెయ్యి రాసింది. చెయ్యంతా తడి. రెండోది, నర్సరీకి ఎరువు వెళ్లిన కుప్ప. ముందువైపు తవ్విన చోట పట్టా తడిసే ఉంది. నడుచుకుంటూ అవతలి చివరికి, కొత్త షెడ్డు గోడ వైపుకి వెళ్లి ఆగింది.

అక్కడ పట్టా మీద ఫారమ్ కుక్క చుట్టచుట్టుకుని పడుకుని ఉంది. దాని పేరే సోమరి. వీళ్లను చూసి ఒక కన్ను తెరిచి, లేవడం దండగనుకుని మళ్లీ మూసుకుంది. దాని చుట్టూ మంచం అంత మేర పట్టా పొడిగా ఉంది.

"దీన్ని లేపకు," అంది పిన్నిగారు మెల్లగా. "మన సాక్షుల్లో టైము సరిగ్గా చెప్పింది ఇదొక్కటే. వెళ్లి అందర్నీ పిలుచుకురా. నర్సరీ ఆయనకు కూడా కబురు పంపు."

ఎండ పొడ కనిపించే వేళకు అందరూ కుప్ప దగ్గర చేరారు. కోళ్లమ్మగారు, మరిది, తమ్ముడు, నర్సరీ యజమాని, పార పట్టుకుని మేస్త్రి. సోమరి కూడా లేవకుండానే హాజరైంది.

"ఒక్కొక్క మాటే చెప్తాను," అంది పిన్నిగారు. "మేస్త్రి పచ్చి ఎరువు అంటగట్టి ఉంటే రెండు ట్రక్కులూ మాడ్చేవి. మొదటి ట్రక్కు బంగారంలాంటి ఎరువు. రెండోది విషం. ఒకే కుప్ప. అంటే ముందువైపు బాగానే ఉంది, లోపలికి వెళ్లేకొద్దీ ఏదో జరిగింది. ఇక ఇది."

కాగితం విప్పి ఈక చూపించింది. మరిది వంగి చూశాడు. "తెల్లకోడి ఈక. అయితే?"

"తెల్లకోళ్ల పెంట ఇంకా మొదటి కుప్ప దాటలేదు. తెల్లకోళ్లు ఈ ఊరు రాకముందే పోసిన కుప్పలోకి తెల్ల ఈక ఎలా వచ్చింది? పెంటతో రాలేదు. కోడితోనే వచ్చింది. మేస్త్రీ, ఆ చువ్వ ఇక్కడ దించండి. కుక్కను కాస్త జరపండి."

సోమరి విసుక్కుంటూ దిగింది. పట్టా తొలగించి మేస్త్రి చువ్వ దించాడు. కాసేపాగి లాగి, పట్టుకోబోయి వదిలేశాడు. చువ్వ నేల మీద ఖంగుమంది.

"నిద్రపోవాల్సిన కుప్ప," అన్నాడు మేస్త్రి, నమ్మలేనట్టు. "ఇది... కాలుతోందమ్మా."

"అందుకే దీని మీద మంచు నిలవట్లేదు. అందుకే కుక్క పక్క మార్చుకుంది. దీని లోపల కోళ్లున్నాయి. ఒకటీ అరా కాదు, చాలా. అవి ఉడికిన ఊటా, పాతేటప్పుడు రాలిన ఈకా రెండో ట్రక్కు తవ్వకం దాకా చేరాయి." పిన్నిగారు గొంతు తగ్గించింది. "గోధుమ కోళ్లు బోనుకు నాలుగు. ఒకదాన్నొకటి ఎరిగినవి కాబట్టి గొడవ లేదు. తెల్లవి బోనుకు మూడు, తలనిండా గాట్లు. తెలియని కోళ్లను ఒక్కచోట పెడితే ఎవరు పెద్దో తేల్చుకునేదాకా పొడుచుకుంటాయి. ఖాళీ బోనులు కనపడకుండా ఎవరో మిగిలినవాటిని అటూ ఇటూ సర్దారు. అవి గుడ్డు పెట్టే వయసుకు రాలేదు కాబట్టి గుడ్లు తగ్గాయని ఎవరికీ తెలియలేదు. మేస్త్రి మనవరాలిని చూడటానికి వెళ్లిన రోజుల్లో, ఒక పొద్దున పరదాలు చుట్టడం ఎవరో మర్చిపోయారు. ఆ మధ్యాహ్నం ఎండ కాసింది."

మరిది చేతిలో తాళాలు గలగలమన్నాయి. కోళ్లమ్మగారు మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది.

అతను కుప్పనే చూస్తున్నాడు. "కరెంటు కూడా పోయిందక్కా," అన్నాడు. "ఫ్యాన్లు ఆగిపోయాయి. నేను లేను. మ్యాట్నీకి వెళ్లాను. వచ్చేసరికి షెడ్డులో పావువంతు... చిన్న బావగారు నవ్వుతారని. నువ్వు నా కోసం ఆయనతో పోట్లాడావు. నీ మాట పోతుందని భయమేసింది. ఎవరూ ముట్టుకోరు కదాని దీన్లో పెట్టాను. ఏ కుప్పయినా తినేస్తుందనుకున్నాను. నర్సరీ వాళ్లు ఇంత తొందరగా వస్తారనుకోలేదు."

"మేస్త్రిని అంటుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోలేదక్కా. ఆయన చేయలేదని ప్రతివాళ్లకీ చెప్పాను."

"ఎవరు చేశారో తప్ప," అంది ఆవిడ. అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు.

నర్సరీ యజమాని తడిగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, మేస్త్రే కదా దగ్గరుండి ఎత్తించాడు. పిడికెడు తీసి వాసన చూడకుండా ఎన్నడూ పంపని మనిషి. ఆ రోజూ చూశాడు. యార్డు కంపులో నాకు తేడా తెలియలేదు సరే, ఆయనకు అంత ఘాటు తెలియలేదా?"

అందరూ మేస్త్రి వైపు చూశారు. పిన్నిగారు ఏదో అనబోయి ఆగింది. అది అతనే చెప్పాల్సిన మాట అనుకుందట.

మేస్త్రి పార గోడకు ఆనించాడు. "నాకు వాసన తెలియదమ్మా. రెండు చలికాలాలుగా. ఆ జలుబు తర్వాత మళ్లీ రాలేదు. చేత్తో నలిపి, కంటితో చూసి నెట్టుకొస్తున్నాను. ముక్కుకు పెట్టుకోవడం ఊరికే, అలవాటుకి. వాసన తెలియని మేస్త్రి ఎందుకని పంపేస్తారేమోనని..." అతను అరచేతులు తుడుచుకున్నాడు. "మొక్కలు మాడాయనగానే నా ముక్కే చంపిందనుకున్నాను."

మా బావమరిదికి అప్పుడు గుర్తొచ్చింది, అడుగంటిన పాల టీ. మర్యాద కాదు అది.

షెడ్లలో కోళ్లు మేతకు గోల మొదలుపెట్టాయి. మరిదే ముందు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడేమంటావు వదినా? ఒకడికి బుద్ధి లేదు, ఇంకొకడికి ముక్కు లేదు. యార్డు ఎత్తేద్దామా?"

కోళ్లమ్మగారు ఆవిరి పొగలు లేస్తున్న ఆ కుప్పను చూసింది. భర్త ఎప్పుడో చేతులు కాచుకుంటూ నిలబడ్డ చోటునే చూసిందేమో. తర్వాత తమ్ముడితో అంది: "పార తీసుకో."

"అక్కా?"

"ఈ కుప్ప మొదటి నుంచీ నువ్వే తిరగేయాలి. మేస్త్రి చెప్పినట్టు. షెడ్డు తాళాలు చిన్న బావగారికి ఇచ్చేయ్. ఇకనుంచి మేస్త్రికి ముక్కు నువ్వే. పండిందని ఆయన చెయ్యి చెప్పాలి, నీ ముక్కు చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే ట్రక్కు గేటు దాటుతుంది. ఈయన నారు మళ్లీ వేసిపెట్టాల్సింది కూడా నువ్వే."

మేస్త్రి తల ఎత్తి ఆవిడను చూశాడు. అప్పటికి గానీ అతనికి ఏడుపు రాలేదట. నర్సరీ యజమాని వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసి, "నన్ను క్షమించు మేస్త్రీ, ద్రోహమన్నాను" అన్నాడు.

బయల్దేరేటప్పుడు కోళ్లమ్మగారు ఫీజు సంగతి ఎత్తింది. పిన్నిగారు కుప్ప వైపు చూపించింది. "ఆ కుప్ప పండాక ఒక బస్తా. అబ్బాయి చేతులతో తెచ్చివ్వాలి. అంతకు మించి ఒద్దు."

"తెస్తానండీ," అన్నాడు తమ్ముడు పార వదలకుండా.

అతను తేలేదు. ఆ ఏడు రాలేదు, ఆ మరుసటి ఏడూ రాలేదు. ఎరువు యార్డు మాత్రం నడిచింది. దాని పేరు చుట్టుపక్కల అంతా తెలిసింది. కింద గడియారాల దుకాణం పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఒకే టైము చూపించే వస్తువులతో కాలక్షేపం లేదని పిన్నిగారు ఆఫీసు మూసేసి మా వీధి చివరింట్లో దిగింది. మా బావమరిది మీసం నెరిసింది. సాయంత్రాలు ఆవిడ అరుగు మీద కూర్చుని పాత కేసులు తలుచుకునేవాళ్లు. నేనూ వెళ్లి ఒక మూల కూర్చునేవాణ్ని.

"అన్నీ వసూలయ్యాయి గానీ ఆ బస్తా ఒక్కటే బాకీ ఉండిపోయింది పిన్నిగారూ," అనేవాడు మా బావమరిది.

"ఇంకా కాలుతోందేమోలే," అనేదావిడ.

మొన్న ఒక సాయంత్రం అలాగే కూర్చుని ఉన్నాం. వీధి మలుపు దగ్గర ఆటో దిగి, భుజాన బస్తాతో నడివయసు దాటిన మనిషి ఒకడు వచ్చాడు. మనిషి సన్నం, చేతులు మాత్రం పెద్దవి. బస్తా అరుగు మీద దించి నిలబడ్డాడు.

"గుర్తుపట్టారా పిన్నిగారూ?"

పిన్నిగారు కళ్లజోడు పైకి తోసుకుంది. "ఏం సినిమాకు వెళ్లావయ్యా ఆ రోజు? అడగడం మర్చిపోయాను."

అతను నవ్వాడు, కళ్లలో నీళ్లతో. "కథ గుర్తులేదండీ. ఇంటర్వెల్లో బయటికొచ్చి ఎండ చూశాను. అదే గుర్తుంది."

"మరి ఇన్నేళ్లా?"

"ఆ కుప్ప మొదటిసారి పండినప్పుడు అంతా నర్సరీకే ఇచ్చేశామండీ, మాడిన మొక్కల బదులు. కానీ దాన్లోంచి రెండు గంపలు తీసి కొత్త కుప్పలో కలిపాం. పాలకు తోడు వేసినట్టు. ప్రతి కుప్పకూ అలాగే, వెనకటి కుప్ప తోడు. మేస్త్రి ఏటా అడిగేవాడు, ఆవిడ బస్తా పంపావా అని. నేను పిడికెడు తీసి ఆయన చేతిలో పెట్టేవాణ్ని. నలిపి చూసి, 'బాగుందిరా, కానీ ఇది నా చెయ్యి. నీ చెయ్యి కాదు' అనేవాడు. ఇప్పుడాయన మంచంలో ఉన్నాడు. మనవరాలే చూసుకుంటోంది. మొన్న తీసుకెళ్లి చేతిలో పెట్టాను. చాలాసేపు నలిపాడు. ముక్కుకు పెట్టుకున్నాడు, అలవాటుకి." అతను బస్తా మీద చెయ్యి ఆనించాడు. "'ఇది పంపు' అన్నాడు."

పిన్నిగారు బస్తా మూతి విప్పించుకుంది. రెండు చేతులా ఎరువు తీసుకుంది. నల్లగా, పొడిపొడిగా, వేళ్ల సందుల్లోంచి జారుతోంది. ఒక్క ఈక లేదు. వాసన చూసి నా చేతిలో కొంత పోసింది. నేను భయంభయంగానే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఘాటు లేదు, కంపు లేదు. తొలివాన పడ్డ నేల వాసన.

నా సందేహం తీరిందని చెప్పను. కానీ ఆ చేతిని కడుక్కోవాలని నాకు అనిపించలేదు.

"సరిపోయిందా పిన్నిగారూ?" అన్నాడతను, ఇంకా నిలబడే.

"కూర్చో నాయనా," అందావిడ, అరుగు మీద చోటు చూపిస్తూ. "బాకీ తీరింది."